రెండు గీతలు

నెల్లూరులో చలెక్కడిది మేడమ్, అన్నాడు
షోరూము కుర్రాడు, ఏసీ కింద కూచుని.
నిజమే. ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు.
అయినా ధనుర్మాసంలో నాలుగింటికి లేచి
ఇందుకూరుపేట దాటి మైపాడు రోడ్డెక్కి చూడు నాయనా,
సముద్రం మీంచి వచ్చే గాలి
గాజుల సందున దూరి మోచేతి దాకా పాకుతుంది.
ఎండాకాలం ఎనభై కిలోమీటర్లు పోయే బండి
అరవై దాటగానే నీళ్లు నములుతుంది.

నా పని రొయ్యల గుంటల్లో నీళ్లు పట్టడం.
ఇరవై మూడు గుంటలు, ఇరవై మూడు సీసాలు,
నీళ్లలో ఊపిరి అడుగంటే వేళకి,
అంటే తెల్లారకముందే.
బండి చేయని చప్పుడంతా సీసాలే చేస్తాయి
ఒకదాన్నొకటి పొడుచుకుంటూ.
పెట్రోలు బండి రోజుల్లో కుక్కలు ఊరవతలే ఎదురొచ్చేవి.
ఇప్పుడు నేను దాటిపోయాక
గుర్తొచ్చినట్టు ఒక్కటి మొరుగుతుంది.

ఇంటికి రాగానే నా ముఖం కంటే ముందు
దాని ముఖం తుడుస్తాను.
మంచూ ఉప్పుగాలీ కలిస్తే ఇనుముకు చెద.
నట్టు నట్టుకూ గుడ్డ, ఛార్జింగ్ మూతకు రెండుసార్లు,
బ్రేకు తీగకు చుక్క నూనె.
టైర్లలో గాలి చలికి ముడుచుకుంటుంది, వారానికోసారి చూడాలి.
బ్యాటరీ ఊడదీసి లోపలికి మోస్తాను.
పదకొండు కిలోలే. నడుము మాత్రం ఇరవై అంటుంది.
"ఎంటనే ప్లగ్గు పెట్టబాక అక్కా" అన్నాడు మెకానిక్ కరీముల్లా,
"మంచులో నానొచ్చిన బిడ్డకి ముందు తల తుడస్తామా, అన్నం పెడతామా?"
పొయ్యికి ఎడంగా, గోనెసంచి మీద
గంటసేపు ఊరికే కూచుంటుంది అది.
ఆ గంటలో నేనూ కూచోవచ్చు. ఎప్పుడూ కూచోలేదు.

మొన్న మంగళవారం
పందొమ్మిదో గుంట దగ్గర తెడ్ల చక్రాలు ఆగున్నాయి.
కరెంటు పోయి అరగంట.
జనరేటరు డొక్కులో డీజిల్ వాసన తప్ప డీజిల్ లేదు.
టార్చి వేస్తే నీళ్ల అంచున రొయ్యలు
మీసాలు పైకి పెట్టి, గాలి కోసం.
చెంచురామయ్య రెండు ఖాళీ డబ్బాలు పట్టుకుని
నా వైపు చూశాడు.
నేను మీటరు వైపు చూశాను.
రెండు గీతలు.

డీజిల్ కోసం కరెంటు బండి మీద!
ఆయనకీ నవ్వొచ్చినట్టుంది, నవ్వలేదు.
గంగపట్నం మలుపు దాకా మంచు గోడ కట్టినట్టుంది,
లైటు ఆర్పే వీల్లేదు.
"తిప్పమ్మా, గట్టిగా తిప్పు."
తిప్పితే మధ్యలో దించుతుంది సామీ,
మెల్లగా పోతేనే పోతాం.
వేగం ఇరవై రెండు. సైకిలు మీద పాలవాడు
మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూశాడు.

బంకు వాణ్ణి లేపాం. ఇరవై లీటర్లు.
వచ్చేటప్పుడు ఒక గీత, అదీ కన్నుకొట్టడం మొదలెట్టింది.
ఉప్పుకాలవ దగ్గర కన్ను మూసింది.
మిగతా దూరం
ఆయన డబ్బాలు మోశాడు, నేను బండిని మోసినంత పని చేశాను.

జనరేటరు మొరిగింది.
చక్రాలు తిరిగి తెల్లటి నురగ లేచింది.
మీసాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అన్నీ దిగలేదు.
పోయినవెన్నో తెల్లారితే గాని తెలీదు.

చెంచురామయ్య జనరేటరు నుంచి వైరు లాక్కొచ్చి
నా బండి ముందు నిలబడ్డాడు, అప్పు తీర్చేవాడిలా.
డిక్కీలో ఛార్జరుంది. అయినా వద్దన్నాను.
చల్లగా ఉంది, కాసేపాగాలి.
"ఎంతసేపు?"
చేత్తో తాకితే తెలుస్తుంది అన్నాను.
బ్యాటరీ మీద చెయ్యి పెట్టాను. ఆయనా పెట్టాడు.
గెనెం మీద నాలుగు సీసాలు ఇంకా ఖాళీ.
"ఇప్పుడో?" అన్నాడు.
ఇద్దరి చేతులూ మంచుముద్దలు.
చల్లగా ఉన్నది బ్యాటరీయో, మేమో
తేల్చుకోలేక అట్లాగే కూచున్నాం
పొద్దు పొడిచేదాకా.